జానెడు జరిగే కుర్చీ

న్యూయార్క్ నగరంలో, మన్‌హాటన్ నడిబొడ్డున, పార్క్ అవెన్యూ 52వ వీధి దగ్గర బయలుదేరి, ఐదో అవెన్యూ మీదుగా 42వ వీధికి దిగి, అక్కడ పడమరకు తిరిగితే టైమ్స్ స్క్వేర్ వస్తుంది. తీరిగ్గా నడిచినా గంట పట్టని దారి. చూడవచ్చినవాళ్లంతా ఈ దారిని తలెత్తి నడుస్తారు. మేడల చివరలు కనిపించే దాకా మెడ వంచుతారు. ఈ వ్యాసానికి కావలసినదంతా మోకాలి ఎత్తులోనే ఉంది: మెట్లు, గట్లు, బెంచీలు, అన్నిటికంటే ముఖ్యంగా ఎవరికి వారు లాక్కోగల చిన్న చిన్న కుర్చీలు. ముక్కూమొహం తెలియని నగరవాసులు ఒకరి పక్కన ఒకరు నిశ్చింతగా కూర్చోవడానికి, కూర్చున్నాక నాలుగు మాటలు కలపడానికి ఏం కావాలన్న ప్రశ్నను గత అరవై ఏళ్లుగా ఈ కాస్త దారి పొడవునా పరీక్షిస్తూనే ఉన్నారు. ఆ పరీక్షల నుంచి నాకు అర్థమైనది ఒక్కటే. ఆసనం అందం, రాయి నాణ్యత, శిల్పి పేరు తర్వాతి సంగతులు. కూర్చున్న మనిషికి తన కుర్చీని జానెడు ఇటో అటో జరుపుకునే వీలుందా లేదా అన్నది మొదటి సంగతి.

దారి మొదట్లో సీగ్రమ్ భవనం ఉంటుంది. 1958లో పూర్తయిన ఈ 38 అంతస్తుల కట్టడానికి రూపమిచ్చినవాడు మీస్ వాన్ డెర్ రోహె. భవనాన్ని వీధి నుంచి బాగా వెనక్కి జరిపి, ముందంతా రాతి ఆవరణగా వదిలేశాడు. అందులో జనం కోసం బెంచీలేమీ వేయలేదు. అయినా ఎండ బాగున్న రోజున మధ్యాహ్న భోజనాల వేళకు మెట్ల మీద, పక్కలనున్న ఆకుపచ్చ పాలరాతి గట్ల మీద మనుషులు పిట్టల్లా వచ్చి వాలుతూ వచ్చారు. దాన్ని చూసి నగరం 1961లో ఓ కొత్త నిబంధన తెచ్చింది. భవనం ముందు ఒక చదరపు అడుగు ఖాళీ జాగా జనానికి వదిలితే, పైన పది చదరపు అడుగులు అదనంగా కట్టుకోవచ్చు. బిల్డర్లు వదిలారు. కానీ చాలాచోట్ల వదిలింది కూర్చునే వీలు లేని ఉత్త గచ్చు. ఈ తేడా ఎందుకొచ్చిందో తేల్చడానికి విలియం వైట్ అనే పరిశీలకుడు 1970ల మొదట్లో కొందరు యువకులను వెంటేసుకుని, మేడల మీద కెమెరాలు పెట్టి, ఎక్కడ ఎవరు ఎంతసేపు కూర్చున్నారో రోజుల తరబడి లెక్కగట్టాడు. ఆవరణ ఆకారం, విశాలత, ఎండ పడే తీరు అన్నీ పోల్చి చూసి చివరికి అతను చేరిన నిర్ణయం వింటే ఇంత మామూలు సంగతికి అంత శ్రమ ఎందుకనిపిస్తుంది. కూర్చోవడానికి చోటు ఉన్నచోట జనం కూర్చుంటున్నారు, అంతే. ఆ మామూలు సంగతే 1975లో చట్టమైంది. ఆవరణలో ప్రతి 30 చదరపు అడుగులకు ఒక అడుగు పొడవున కూర్చునే చోటు ఉండాలన్నారు. జరుపుకునే కుర్చీని ఒక్కోదాన్ని 30 అంగుళాల కింద లెక్కగట్టారు. అయితే మొత్తం లెక్కలో సగానికి మించి అలాంటి కుర్చీలు ఉండకూడదనీ షరతు పెట్టారు. ఆ షరతు సంగతి చివర్లో చూద్దాం.

సీగ్రమ్ నుంచి 53వ వీధిలో పడమరగా రెండు అవెన్యూలు దాటితే పేలీ పార్కు. 1967లో తెరిచిన ఈ పార్కు విస్తీర్ణం 4,200 చదరపు అడుగులు, అంటే మన లెక్కలో 470 గజాల కంటే కాస్త తక్కువ. మన ఊళ్లో ఓ మోస్తరు డాబా ఇల్లు కట్టుకునే స్థలం. మూడు వైపులా గోడలు, ఎదురుగోడ మీద 20 అడుగుల ఎత్తు నుంచి జారే నీటి తెర, నడుమ పలచని నీడనిచ్చే చెట్లు. ఆ నీటి హోరు వీధి రొదను కప్పేస్తుంది. పక్క బల్ల దగ్గర మాటలు చెవిన పడకుండా చేస్తుంది కనుక కిక్కిరిసి ఉన్నా ఎవరి ఏకాంతం వారికి దక్కుతుంది. రాబర్ట్ జయన్ రూపొందించిన ఈ చోట స్థలం తక్కువ, మనుషులు ఎక్కువ. అంత ఇరుకులో బెంచీలు బిగించి ఉంటే ఒకరి మోకాళ్లు ఒకరికి తగిలేవి. ఇక్కడ వేసినవి తీగలతో అల్లిన తేలికపాటి కుర్చీలు, చిన్న బల్లలు. ఇద్దరు వస్తే రెండు కుర్చీలు దగ్గరకు చేరతాయి, ఐదుగురు వస్తే ఐదూ గుండ్రంగా తిరుగుతాయి, ఒక్కరే వస్తే ఒకటి నీటివైపు ముఖం పెడుతుంది. రోజుకు పది రకాలుగా మారే ఆ అమరిక ఏ నిపుణుడి కాగితం మీదా ముందుగా గీసింది కాదు.

వైట్ తన పరిశీలనల్లో పదేపదే గమనించిన ఓ చిన్న చేష్ట ఉంది. నా వాదనంతా దాని మీదే నిలిచి ఉంది. మనిషి ఖాళీ కుర్చీ దగ్గరికి వస్తాడు. కూర్చోబోయే ముందు దాన్ని కాస్త కదుపుతాడు. చాలాసార్లు ఆ కదలికకు కంటికి కనిపించే కారణం ఉండదు. ఎండ తప్పించుకోలేదు, నీడలోకి రాలేదు, కుర్చీ బెత్తెడు జరిగి దాదాపు మొదటి చోటే ఉంది. మరి ఎందుకు జరిపినట్టు? ఆ చోటును కాసేపటికి తనది చేసుకోవడానికి. పక్కన ముందే కూర్చున్న మనిషికి మాట లేకుండా ఓ కబురు చెప్పడానికి కూడా. కుర్చీ అవతలికి జరిగితే ‘మీకు అడ్డు రాను లెండి’ అని, ఇవతలికి తిరిగితే ‘పలకరిస్తే పలుకుతాను’ అని. నేలకు బిగించిన బెంచీ మీద ఈ కబురు చెప్పే దారి లేదు. అక్కడ ఇద్దరి మధ్య దూరం ఎంతో బెంచీ చేసినవాడు ముందే తేల్చేశాడు. స్నేహితులకు అది ఎక్కువ, అపరిచితులకు తక్కువ. విడివిడిగా నేలకు బిగించిన ఒంటి ఆసనాలైతే ఇంకా అన్యాయం. ఎవరూ ఎవరికీ సరైన దూరంలో ఉండరు. పరాయి మనిషితో మాట కలపడానికి మనకు ధైర్యం ఎప్పుడొస్తుంది? ఇష్టం లేకపోతే తప్పుకోగలమన్న నమ్మకం ఉన్నప్పుడు. తప్పుకునే వీలు లేనప్పుడు మనిషి చేసే మొదటి పని ముఖం తిప్పుకోవడం. లిఫ్టులో అందరూ తలుపు వైపే చూడడం అందుకే.

ఇది కేవలం ఊహ కాదనడానికి పార్కుల బయటి సాక్ష్యం ఒకటుంది. 1950లలో కెనడాలోని సస్కాచువన్ రాష్ట్రంలో రాబర్ట్ సోమర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, వృద్ధ స్త్రీలు ఉండే ఓ ఆసుపత్రి వార్డును పరిశీలించాడు. గదిని అప్పటికే కొత్త సామానుతో, మంచి రంగులతో బాగుచేశారు. అయినా ఆ వృద్ధులు రోజంతా మౌనంగానే ఉన్నారు. కుర్చీలు గోడల వెంట బారులు తీరి ఉన్నాయి. పక్కపక్కన కూర్చున్నవాళ్లు మాట్లాడాలంటే మెడ తిప్పాలి, ఎదురుగా ఉన్నవాళ్లతో మాట్లాడాలంటే గది అడ్డం. ఆ కుర్చీలను తీసి చిన్న బల్లల చుట్టూ వేశారు. మొదట్లో అలవాటు పడలేదు, కొన్నిసార్లు కుర్చీలు తిరిగి గోడ దగ్గరికే చేరాయి. కానీ కొన్ని వారాల్లో వాళ్ల మధ్య సంభాషణలు దాదాపు రెట్టింపయ్యాయి. మనుషులు వాళ్లే, గది అదే. ఆ పరిశోధనకు దారి చూపిన వైద్యుడు హంఫ్రీ ఆస్మండ్, మనుషులను దగ్గరకు చేర్చే చోట్లు వేరు, దూరం నెట్టే చోట్లు వేరు అని విభజించి, రెండో రకానికి రైల్వే స్టేషన్లను ఉదాహరణగా చూపాడు. ప్లాట్‌ఫాం మీద వీపుకు వీపు ఆనేలా వేసిన సీట్ల వరసను తలచుకుంటే అతని మాట ఏ తెలుగువాడికైనా వెంటనే అర్థమవుతుంది.

ఇక్కడో అభ్యంతరం వస్తుంది, అది గట్టిదే. జరుపుకునే కుర్చీ జనాన్ని కలపడం కంటే విడదీయడానికే పనికొస్తుంది కదా, ఎవరి కుర్చీ వారు తీసుకుని మూలకు పోతే పలకరింపు ఎక్కడిది, పొడవాటి బెంచీ అయితే నలుగురూ కలిసి కూర్చోక తప్పదు కదా అని. కూర్చోక తప్పదు, నిజమే. కానీ పక్కన కూర్చోవడం వేరు, కలవడం వేరు. పైగా ఆ ఖాళీ కుర్చీ కోసమే ఓ మాట పుడుతుంది. ‘ఇందులో ఎవరైనా కూర్చుంటున్నారా? తీసుకోవచ్చా?’ అని అడగకుండా పక్క బల్ల దగ్గరి కుర్చీని ఎవరూ లాక్కోరు. మన రైళ్లలో ‘కాస్త జరుగుతారా’ అన్న మాటతో మొదలై ఊరూ పేరూ పిల్లల చదువులూ దాకా సాగిన ముచ్చట్లు ఎన్ని లక్షలో ఎవరు లెక్కగట్టగలరు? అడగడానికి ఓ చిన్న కారణం, ఇవ్వడానికి ఓ చిన్న వస్తువు. అపరిచితుల మధ్య మాటకు ఇంతకంటే మంచి వంతెన నాకు కనిపించదు. ఇక ఒంటరిగా కూర్చోవాలనుకున్నవాళ్లు ఒంటరిగానే కూర్చోవాలి. అది కూడా నగరం ఇవ్వవలసిన వసతే. ఈ రోజు ఒంటరిగా వచ్చి హాయిగా కూర్చోగలిగినవాడే రేపు మళ్లీ వస్తాడు. మళ్లీ మళ్లీ వచ్చేవాళ్ల మధ్యనే ముఖ పరిచయాలు పెరుగుతాయి.

ఐదో అవెన్యూలో 42వ వీధి దాకా దిగితే, నగర గ్రంథాలయం వెనక, బ్రయంట్ పార్కు. 1970లలో ఇది మాదకద్రవ్యాల అడ్డా. ఆడవాళ్లు పక్కనుంచి నడవడానికే జంకేవారు. వైట్ దీన్ని పరిశీలించి, లోపం మనుషుల్లో కంటే చోటులోనే ఉందన్నాడు. పార్కును వీధి మట్టం కంటే ఎత్తులో కట్టారు. చుట్టూ ఇనుప కంచె, దట్టమైన పొదలు. లోపల ఏం జరుగుతోందో బయటికి కనబడదు, వెళ్లిన మనిషికి బయటపడే దారులు తక్కువ. 1988లో మూసి, పొదలు తొలగించి, దారులు వెడల్పు చేసి, 1992లో మళ్లీ తెరిచారు. దాన్ని రూపొందించిన లారీ ఓలిన్, నడిపించిన డాన్ బీడర్మన్ బృందం పచ్చిక చుట్టూ వేసినవి ఆకుపచ్చ రంగు మడత కుర్చీలు. నేలకు బిగింపు లేదు, గొలుసు లేదు. ఒక చేత్తో ఎత్తి తీసుకుపోవచ్చు. ఇప్పుడవి వేల సంఖ్యలో ఉన్నాయి. పచ్చిక కింద, నేల అడుగున గ్రంథాలయం తన పుస్తకాలు దాచుకుంది. పైన మనుషులు తమ కుర్చీలు లాక్కుని చదరంగం ఆడతారు, అన్నం తింటారు, ఫోన్లో పోట్లాడతారు, నిద్రపోతారు. ఆడవాళ్లు ఎంతమంది ఉన్నారన్నది ఓ చోటు క్షేమంగా ఉందనడానికి మంచి గుర్తు అని వైట్ నమ్మాడు. ఒకప్పుడు జంకి తప్పుకుపోయిన ఆ పార్కులో ఇప్పుడు వాళ్లు తీరిగ్గా కూర్చుని కనిపిస్తారు.

కుర్చీలు ఎత్తుకుపోరా? ఈ ప్రశ్న హైదరాబాదులో అడిగినా విజయవాడలో అడిగినా ముందు వచ్చేదే. న్యూయార్క్‌లోనూ ముందు అదే వచ్చింది. అదే ఐదో అవెన్యూలో ఉత్తరాన ఉన్న మెట్రోపాలిటన్ మ్యూజియం తన మెట్ల దగ్గర దాదాపు 200 కుర్చీలు వేసి, రాత్రింబవళ్లు అక్కడే వదిలేసింది. రోజూ సాయంత్రం మనుషులను పెట్టి అవన్నీ లోపల పెట్టించడం కంటే, జనాన్ని నమ్మి, పోయినవాటికి బదులు కొనడమే చవకని లెక్క వేసుకుంది. ఆ లెక్క నిజమైందని, ధ్వంసం చాలా తక్కువని వైట్ రాశాడు. నష్టమే ఉండదని నేను అనడం లేదు. కొన్ని విరుగుతాయి, కొన్ని పోతాయి. పగిలిన కుర్చీని మరునాడే తీసేసి కొత్తది వేసే మనిషి ఉండాలి. ఖర్చు నిజానికి కుర్చీది కాదు, ఆ మనిషిది. మన పార్కుల్లో ఓసారి సిమెంటు బెంచీ పోసి, వీపు మీద దాత పేరూ ఎవరి జ్ఞాపకార్థమో రాయించి, మళ్లీ ఇరవై ఏళ్లు అటు చూడకుండా ఉండే అలవాటుంది. కట్టడానికి డబ్బు దొరుకుతుంది, చూసుకోవడానికి దొరకదు. జరిగే కుర్చీ ఆ అలవాటుకు సరిపడదు, దానికి రోజూ ఓ సంరక్షకుడు కావాలి. నా దృష్టిలో అది దాని గుణమే, ఎందుకంటే అలా చూసుకునే మనిషి కళ్లెదుట తిరుగుతున్న చోట జనానికి ధైర్యం ఉంటుంది.

మనకు ఇది కొత్త విద్యా అంటే కాదు. వేసవి రాత్రి నులకమంచం వీధిలోకి తెచ్చి వాల్చుకోవడం జరుపుకునే ఆసనం కాక మరేమిటి? ఎదురింటి మంచం, మన మంచం దగ్గరకు చేరితే మాటలు సాగాయి, మాటల్లేని ఇళ్ల మంచాలు దూరంగా పడ్డాయి. ఆ వీధి సఖ్యతలన్నీ మంచాల మధ్య దూరంలో చదువుకోవచ్చు. దీనికి భిన్నమైనది రచ్చబండ. తెలుగువాళ్లు బహిరంగ ఆసనం అనగానే మురిపెంగా తలుచుకునేది దాన్నే. నాకు ఆ మురిపెం మీద అభ్యంతరం ఉంది. చాలా ఊళ్లలో ఆ బండ మీద ఎవరు కూర్చోవాలో, ఎవరు కింద చేతులు కట్టుకుని నిలబడాలో కులం తేల్చింది. ఆడవాళ్లకు దాని మీద చోటే లేదు. ఇంటి అరుగుదీ అదే కథ. దారిన పోయేవాడికి సేద తీరే చోటన్న మాట నిజమే, ఎవరైనా కూర్చోవచ్చన్నది మాత్రం నిజం కాదు. కదలని ఆసనంలో తల వైపు, కాళ్ల వైపు ఏర్పడతాయి. అక్కడ తలవైపు ఎవరిదో తరాల తరబడి స్థిరపడిపోతుంది. మన భాషే సాక్ష్యం: పెద్దపీట వేయడం, ఎత్తుపీట కావాలనడం, కుర్చీ కోసం కొట్టుకోవడం. ఆసనమంటే హోదా. పార్కులో గుట్టగా పడివున్న ఒకే రకం తేలిక కుర్చీలకు ఎత్తుపల్లాలు లేవు, దక్షిణం ఉత్తరం లేవు, ఎవరి పేరూ లేదు. ముందు వచ్చినవారు తీసుకుంటారు, లేచినప్పుడు వదిలేస్తారు. కాబట్టి మన ఊళ్ల కోసం పాత నమూనా వెతకదలచినవాళ్లు రచ్చబండ కంటే నులకమంచం దగ్గర మొదలుపెట్టాలని నా వాదన.

ఇంతకంటే బాధ కలిగించే అభ్యంతరం వేరే ఉంది. ఈ మంచి కుర్చీలన్నీ ఎవరి చేతిలో ఉన్నాయి? బ్రయంట్ పార్కును నడిపేది నగరపాలక సంస్థ కాదు, 1980లో ఏర్పడిన ఓ ప్రైవేటు లాభాపేక్ష లేని సంస్థ. చుట్టుపక్కల భవనాల నుంచి వచ్చే చందాలు, అద్దెలు దాని ఆదాయం. పేలీ పార్కు ఓ ప్రైవేటు ఫౌండేషన్‌ది. ఇళ్లు లేనివాళ్లను కాపలాదారు సున్నితంగానో కటువుగానో పంపించేస్తే ఆ ఆహ్వానం ఎవరికోసం? 1961 నిబంధన కింద పుట్టిన జాగాలను హార్వర్డ్ ఆచార్యుడు జెరల్డ్ కేడెన్ నగర ప్రణాళికా శాఖతో కలిసి లెక్కగట్టి 2000లో ప్రకటించాడు. 320 భవనాల దగ్గర 503 జాగాలు ఉంటే, వాటిలో 41 శాతం జనానికి పెద్దగా పనికిరానివని తేలింది. చట్టం అడిగిన అడుగులు కొలిచి ఇచ్చినా, గేటు వేసి, ముళ్ల ఊచలు పెట్టి, రాకుండా చేయవచ్చు. పడుకోకుండా బెంచీ నడుమ ఇనుప చేతులు బిగించడం ప్రపంచమంతా నేర్చుకున్న విద్య. ఇదే నగరంలో 2021 జనవరిలో తెరిచిన మొయినహన్ రైలు ప్రాంగణపు నడిహాలులో కూర్చోవడానికి చోటే పెట్టలేదు. అలసిన ప్రయాణికులు నేల మీద కూర్చున్నారు. ఒకరిని కూర్చోనివ్వకూడదని మొదలుపెడితే చివరికి ఎవరికీ కుర్చీ మిగలదు. జరుపుకునే కుర్చీ ఇళ్లు లేని సమస్యను తీర్చదు, తీరుస్తుందని చెప్పడం మోసం. ఇల్లు లేనివాడికి కావలసింది ఇల్లు. కానీ ఆ ఇల్లు దొరికేలోగా అతణ్ణి బయటికి నెట్టే పనిని బెంచీకి అప్పగించకూడదు. వైట్ కూడా చివరిదాకా ఈ మాటే చెప్పాడు: కొందరిని దూరం పెట్టాలని ముళ్లు నాటితే అందరూ దూరమవుతారు, అందరికీ బాగుండేలా చేస్తే జనం సందడే ఆ చోటుకు కాపలా.

ఇక 1975 చట్టంలోని ఆ సగం షరతు. మోకాళ్ల నొప్పులున్న ముసలమ్మ తేలిక కుర్చీ మీద చేయి ఆన్చి లేవబోతే అది కాస్తా జారిపోతుంది. ఆమెకు కదలనిది, వీపూ చేతులూ ఉన్నది కావాలి. కడుపుతో ఉన్నవాళ్లకు, కర్ర పట్టుకుని నడిచేవాళ్లకు కుర్చీ వెతికి లాక్కుని రావడం అదనపు పని. అర్ధరాత్రి కుర్చీలు లోపల పెట్టేశాక బస్సు కోసం నిలబడ్డవాడికీ కూర్చోవడానికి ఏదో ఒకటి మిగలాలి. కాబట్టి కదలనివి ఉండాలి. కానీ అవి కూడా అనేక రకాలుగా కూర్చోనిచ్చేవై ఉండాలి. వియన్నాలోని మ్యూజియంస్‌క్వార్టియర్ ఆవరణలో 2002 నుంచి వేస్తున్న ‘ఎన్జీ’ అనే పెద్ద దిమ్మెలు ఇందుకు చక్కని ఉదాహరణ. ఒక్కరు ఎత్తలేరు గానీ, వాటి మీద కూర్చోవచ్చు, చేరగిలవచ్చు, పడుకోవచ్చు, నలుగురు నాలుగు దిక్కులకు ఒరగవచ్చు. మన దగ్గరైతే ఇంకో షరతు చేర్చాలి. వైశాఖంలో మధ్యాహ్నం ఇనుప కుర్చీ ముట్టుకుంటే కాలుతుంది, గ్రానైటు బండ సాయంత్రం ఏడింటికీ చల్లబడదు. నీడ వెంట జరగగలిగే కర్ర కుర్చీకి ఇక్కడ న్యూయార్క్‌లో కంటే ఎక్కువ పని ఉంది. చెట్టు నీడ గంట గంటకూ కదులుతుంది, బెంచీ కదలదు. మన పార్కుల్లో మధ్యాహ్నం ఎండలో ఖాళీగా మాడుతున్న బెంచీలూ, పక్కనే చెట్టు మొదట్లో నేల మీద చతికిలబడ్డ మనుషులూ ఈ కారణానికే కనిపిస్తారు.

బ్రయంట్ పార్కు నుంచి పడమరకు నాలుగు అడుగులు వేస్తే టైమ్స్ స్క్వేర్. 2009 మే నెలలో నగర రవాణా కమిషనర్ జానెట్ సాదిక్ ఖాన్ బ్రాడ్‌వేను 42వ వీధి నుంచి 47వ వీధి దాకా కార్లకు మూసేసింది. వీధి సామాను ఇంకా రాలేదు. ఖాళీ తారురోడ్డు మీద జనం ఏం చేస్తారు? బ్రూక్లిన్‌లోని ఓ సామాన్ల కొట్టు నుంచి కొన్ని వందల బీచి కుర్చీలు, రంగురంగుల పట్టీలవి, చవకవి, తెప్పించి నడిరోడ్డు మీద వేశారు. వేసిన కాసేపట్లోనే నిండిపోయాయి. వీధి మూసినందుకు రావలసిన గొడవ కాస్తా కుర్చీలు బాగున్నాయా లేవా అన్న చర్చగా మారిందని ఆమె తర్వాత రాసుకుంది. మరుసటి ఏడాది నగరం ప్రకటించిన లెక్కల్లో అక్కడ పాదచారులకు తగిలే గాయాలు 35 శాతం తగ్గాయి. ఆ బీచి కుర్చీలు ఒక్క వేసవికే చిరిగిపోయాయి. వాటి చోట ఇనుప కుర్చీలు వచ్చాయి, ఆపైన స్నోహెట్టా సంస్థ గీసిన కొత్త ఆవరణలో 50 అడుగుల పొడవున్న నల్లని గ్రానైటు బెంచీలు పది వెలిశాయి. ఇప్పుడక్కడ రెండూ ఉన్నాయి. ఆ నల్లరాయి మీద వరసగా కూర్చున్నవాళ్లు వెలుగుతున్న బొమ్మలను చూస్తారు. దాని ముందు నాలుగు కుర్చీలు లాక్కుని గుండ్రంగా కూర్చున్నవాళ్లు ఒకరినొకరు చూసుకుంటారు.